రెండు వేళ్ళ పొడవు

తెల్లకొండ కింద ఉన్న ఆ ఊళ్ళో ఏ ఇంటికైనా మనుషులు మొహం ముందు పెట్టుకునే వెళతారు. ముమ్మడమ్మ ఇంటికి మాత్రం వీపు ముందు పెట్టుకుని వెళ్ళాలి.

మాచనకు ఆ సంగతి తెలియదు. శోణపురం నుంచి పదకొండు రోజులు నడిచి వచ్చినవాడు, గడప దాటి లోపల కాలు పెట్టాడో లేదో, చెప్పు అడుగంత తోలుముక్క ఒకటి ఎగిరొచ్చి చెంపకు తగిలింది.

"ఎవడ్రా అది, మొహం వేసుకుని వచ్చేసింది! వెనక్కి తిరుగు! బయటికి పోయి వీపు పెట్టుకుని రా!"

మాచన బయటికి వెళ్ళి, తిరిగి, తడుముకుంటూ వెనక్కి నడిచి లోపలికొచ్చాడు. గడప తట్టుకుని పడబోయాడు. లోపల నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది.

"ఆ, అలా నిలబడు. వీపుసంచి కుట్టేవాళ్ళం మేం మొహాలు చూడం నాయనా. మా ముత్తాత ఒకసారి చూశాడు. వచ్చినవాడు రాజు. ఆ తేజస్సు చూసి ముత్తాతకు చేతులు వణికాయి. కొలత మానేసి జరీ కుట్టాడు. ఆ రాజు జరీతో సహా ఇప్పటికీ కొండ మీదే ఉన్నాడు. సరే, ఎక్కడిదాకా పోతావు?"

"శీతకంఠుడి గుహదాకా."

ముమ్మడమ్మ నవ్వు ఆగిపోయింది. కిటికీలోంచి మాచనకు కొండ కనిపిస్తోంది. పొద్దుటి ఎండకు ఏడు శిఖరాలూ కుంకుమ పూసుకున్నట్టున్నాయి. మధ్యాహ్నానికి అవే ముత్యాల పొడి రాశులవుతాయనీ, సాయంత్రానికి నెమలి కంఠం రంగులోకి దిగుతాయనీ దారిలో గొర్రెలవాళ్ళు చెప్పారు. అంత అందం మధ్య ఎక్కడో మాంత్రికుడు శీతకంఠుడు, పోయిన నెల కొండ ఎక్కిన శోణపురం యువరాజు వసుకేతును మంచుగడ్డలో బిగించి ఉంచాడు. పున్నమినాటికి విడిపించకపోతే యువరాజు ఒళ్ళంతా మంచయిపోతుంది. పున్నమి ఇంక ఏడు రోజులే ఉంది.

"పోయిన నెలలో మీ దగ్గర ఒకాయన సంచి కుట్టించుకున్నాడు కదా అవ్వా. పచ్చ రాళ్ళ కత్తి ఉన్నాయన. ఆయన కొలతకే నాకూ కుట్టు. మేమిద్దరం ఒకటే కొలత."

"అన్నదమ్ములా?"

మాచన ఏమని చెప్తాడు? అతను మావటివాడి కొడుకు. ఏడో ఏట యువరాజు పోలికలున్నాయని కోటలోకి తీసుకెళ్ళారు. అప్పటినుంచి ఇరవై ఏళ్ళు, బాణం వచ్చే అవకాశమున్న పల్లకీలో కూర్చున్నదీ, విషం ఉండే వీలున్న పాయసం ముందు తిన్నదీ మాచనే. యువరాజు దగ్గినట్టు దగ్గడం నేర్చుకున్నాడు. యువరాజు నవ్వు నేర్చుకున్నాడు. తన నవ్వు ఎలా ఉండేదో మర్చిపోయాడు. కోట దర్జీ ఏది కుట్టినా ఒకే కొలతకు రెండు కుట్టేవాడు.

గరుకు వేళ్ళు మెడ వెనక ఎముక దగ్గర ఆగాయి. అక్కడినుంచి వెన్ను వెంట దిగి తుంటి ఎముకల మీద నిలిచాయి. మళ్ళీ పైకి వెళ్ళాయి. మళ్ళీ దిగాయి.

"అబద్ధం," అంది ముమ్మడమ్మ. "ఆయనది రెండు జానల ఆరు వేళ్ళు. అదుగో ఆయన తాడు, దూలానికి వేలాడుతోంది. కొలిచిన ప్రతివాడి తాడూ ముడులేసి అక్కడ కడతాను. తిరిగొచ్చినవాడు తన తాడు తనే విప్పుకుంటాడు. నీది రెండు జానల ఎనిమిది. నువ్వు వంగి నిలబడ్డావు. ఎన్నాళ్ళనుంచి వంగుతున్నావు?"

పదిహేనో ఏట మాచన యువరాజు కంటే రెండు వేళ్ళు ఎక్కువ పెరిగాడు. ఆ సంగతి కోటలో ఎవరి కంటా పడకముందే వంగడం మొదలుపెట్టాడు. తర్వాత వంగుతున్నానన్నది తనకే గుర్తులేదు.

"ఆయన కొలతకే కుట్టు," అన్నాడు. గొంతు యువరాజు గొంతులాగే, ఆజ్ఞలాగే వచ్చింది. "ఇరవై ఏళ్ళుగా ఆయనకు సరిపోయినవన్నీ నాకు సరిపోయాయి."

"సరిపోయాయా, నువ్వే సరిపెట్టుకున్నావా? పట్టుబట్టు, గుడ్డే కదా, వీపు చెప్పినట్టు వింటుంది. బరువు వినదు నాయనా. సరే, మొండివాడివి. కుడతాను. నీ పేరు?"

'వసుకేతు' అనబోయింది నాలుక. అలవాటు. అతను పళ్ళు బిగించి ఆపాడు. ఈ ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"మాచన."

"మాచన," అని ముమ్మడమ్మ తాడుకు వినిపించేలా చెప్పి, ముడి వేసింది.

రెండు రోజులు ఆవిడ అతన్ని నిలవనివ్వలేదు. సంచిలో గుండ్రాళ్ళు నింపి గొర్రెల దారి ఎక్కించింది, దింపించింది. ఇనుప పళ్ళున్న చెప్పులు తొడిగించి, గడ్డకట్టిన వాగు మీద బాతులా నడిపించింది. "కాళ్ళు ఎడంగా వెయ్యి! ఆ పళ్ళు పంచెకు తగులుకుని నీ పిక్కలోనే దిగేలా ఉన్నాయి." నీళ్ళ తిత్తిని తలకిందులుగా కట్టుకోమంది. గడ్డ పైనుంచి కడుతుంది, మూతి కిందుంటే తాగడానికి నీళ్ళు మిగులుతాయి. చెమట పట్టకముందే ఒక గొంగడి విప్పమంది. చలి మొదలవకముందే తొడుక్కోమంది. సన్నటి చీలిక ఉన్న కర్రపట్టీ ఇచ్చి, మంచు మీద ఎండకు కళ్ళు పోతాయి, ఇది తియ్యకు అంది. పడుకునే కంబళి అడుగున, వేపుడు పిండి, బెల్లం, నెయ్యి మధ్యన, చేతికి వెంటనే కావలసినవి పైన. అన్నిటికంటే బరువైనది వెన్నుకు ఆనించి.

అన్నిటికంటే బరువైనది కొబ్బరికాయంత ఎర్రటి రాయి. శోణపురం ఖజానాలో ఉన్న ఒకే ఒక్క అగ్నిమణి. మంత్రపు మంచును కరిగించేది అదొక్కటే. బలవంతంగా లాక్కున్నవాడి చెయ్యి బూడిదవుతుంది. ఇచ్చేవాడు ఇష్టపడి ఇస్తే పసిపాప చేతినైనా కాల్చదు. మహారాణి దాన్ని స్వయంగా మాచన చేతిలో పెట్టింది.

"నా బిడ్డను తీసుకురా. వాడు సింహాసనం ఎక్కిన రోజున నీ పేరుతో నువ్వు ఎక్కడికైనా పోవచ్చు. వాడు రాకపోతే నువ్వు బతికినంతకాలం వసుకేతువే," అని మహారాణి అతని మొహంలోకి చూసింది. చూడలేక మొహం తిప్పుకుంది. జాగ్రత్త అన్న మాట ఆవిడ నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మూడోనాడు పొద్దున్నే ముమ్మడమ్మ సంచి తగిలించింది. సంచికీ వీపుకీ మధ్య, నడుము దగ్గర, ఉసిరికాయంత ఇత్తడి గంట ఉంది.

"ఎగురు."

మాచన ఎగిరాడు. గంట గణగణమంది.

"విన్నావా? సంచి మనిషికి అతుక్కుంటే గంట నాలుక కదలడానికి చోటుండదు. నేను కుట్టిన ఏ సంచి గంటా దాని సొంతదారు వీపు మీద మోగదు. ఇది మోగుతోంది. ఇది నీ సంచి కాదు."

"పోనీలే అవ్వా. తోడుగా ఉంటుంది."

ముమ్మడమ్మ నిట్టూర్చింది. "పట్టీలు రెండు వేళ్ళు మడిచి ఎర్ర దారంతో టాకా వేశాను. దారం కొస గడ్డం కిందికి వచ్చేలా వదిలాను. చేతులు ఖాళీ లేకపోయినా పళ్ళతో తెంపుకోవచ్చు. వెళ్ళు. ఇద్దరు మనుషులు మంచు మీద నడిస్తే మధ్యన తాడు కట్టుకోండి. ఒక్కడివే అయితే..." ఆవిడ మాట మార్చింది. "వెనక్కి తిరగకు. నీ మొహం చూస్తే బెంగపెట్టుకుంటాను."

అతను తిరగలేదు.

కొండ మొదటి రోజు మర్యాదగానే ఉంది. దేవదారు చెట్లు గుర్రప్పిల్లల్లా మంచు దులుపుకుంటూ నిలబడ్డాయి. రెండోరోజుకు చెట్లు ఆగిపోయాయి. మూడోరోజు గాలి ఒక్కటే మిగిలింది. ఎటు చూసినా తెలుపు. ఆ తెలుపులో కదిలేది తనొక్కడే. సంచి పొట్టిదవడంతో నడుము పట్టీ తుంటి మీద నిలవక పొట్టలోకి ఎక్కేది. బరువంతా భుజాల మీద పడి, మనిషిని వెనక్కి లాగేది. అడుగడుక్కీ గంట మోగేది. మాచన పది అడుగులకోసారి సంచి ఎగదోసుకున్నాడు. కొంతసేపటికి గంటతో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఏ గొంతుతో మాట్లాడాలో తెలియక తడబడ్డాడు. అతనికి రెండే గొంతులు వచ్చు: యువరాజుది, యువరాజు ఎదుట తగ్గి మాట్లాడేది. వినేవాళ్ళు లేని చోట ఏది వాడాలో ఎవరూ నేర్పలేదు.

నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం అతను కత్తివాదరలాంటి మంచుగట్టు మీద ఉన్నాడు. కుడివైపు నీలపు గాజు గోడ. ఎడమవైపు లోయ, అడుగు కనిపించనంత లోతు. అప్పుడు ఎండ మీద నీడ పడింది.

తెల్ల రాబందులు. మూడు. రెక్కలు తెరచాపలంత, ముక్కులు మంచు కొడవళ్ళు. శీతకంఠుడి కావలి పక్షులు. మొదటిది రాయిలా మీదికి పడింది. మాచన చేతిగొడ్డలి ఎత్తి వెయ్యబోయాడు. చెయ్యి ఎత్తగానే భుజాల మీది బరువు ఒక పక్కకు ఊగింది. సంచి అతన్ని తిప్పి, కాలి కింద గట్టు విరిచి, లోయలోకి విసిరింది.

గొడ్డలి గట్టు అంచులో దిగింది. కుడిచేత్తో దాని కర్రకామ పట్టుకుని మాచన గాలిలో వేలాడాడు. రెండో పక్షి ఎడమ చెయ్యి చీరింది. సంచి భుజాలు పట్టుకుని కిందకి గుంజుతోంది. మునిగిపోతూ పక్కవాడి మెడ పట్టుకున్న మనిషిలా. గంట పిచ్చెక్కినట్టు మోగుతోంది. వేళ్ళు ఒకటొకటిగా జారుతున్నాయి.

గడ్డానికి ఏదో గుచ్చుకుంది. ఎర్ర దారం.

మాచన తల వంచి కొరికాడు. టాకాలు పటపటమని తెగాయి. సంచి రెండు వేళ్ళు కిందకి దిగింది. నడుము పట్టీ తుంటి ఎముకల మీద తాళంలో చెవిలా కూర్చుంది. బరువు ఒక్కసారిగా భుజాలు వదిలేసింది. రాయి వెచ్చగా వెన్నుకు అతుక్కుంది. గంట ఆగిపోయింది.

ఒక్క ఊపుతో చెప్పుల ఇనుప పళ్ళు గట్టు పక్క మంచులో దించాడు. రెండో ఊపుకు గట్టు మీద ఉన్నాడు. పక్షి మళ్ళీ వచ్చింది. అతను నిటారుగా నిలబడి, చేతులెత్తి, గొడ్డలి పూర్తిగా తిప్పి కొట్టాడు. రెక్క విరిగి, ఆ తెల్లటి రాశి అరుస్తూ లోయలో పడింది. మిగతా రెండూ గుండ్రంగా తిరిగి, మబ్బుల్లోకి పోయాయి.

మాచన చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఇక్కడినుంచి లోకం రెండు వేళ్ళు ఎత్తులో ఉంది. అంతే తేడా. అయినా అతనికి భయమేసింది. ఈ ఎత్తునుంచి చూస్తున్నది ఎవరో అతనికి పరిచయం లేదు. నిటారుగానే నడక సాగించాడు. గంట మోగకపోవడంతో నిశ్శబ్దం మరింత పెరిగింది.

గట్టు దాటాక మంచు మైదానం. పొగమంచు కమ్మి, పది అడుగుల అవతల ఏమీ కనిపించడంలేదు. అప్పుడు వినిపించింది.

గణ. గణ. గణ.

తనది కాదు. ఎదురుగా వస్తోంది. ముమ్మడమ్మ గంట! నాలుగు రోజుల తర్వాత మరో మనిషి! కళ్ళలో నీళ్ళు తిరిగి రెప్పల మీదే గడ్డకట్టాయి. మాచన పరుగెత్తబోయి ఆగాడు. పొగమంచు తెర తొలగింది. పచ్చ రాళ్ళ కత్తి, ఒత్తు కనుబొమలు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. అద్దంలో చూసుకుంటున్నట్టుంది.

"మిత్రమా!" అంటూ యువరాజు వసుకేతు చేతులు చాపి వచ్చి కౌగిలించుకున్నాడు.

మాచన చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో ఉండిపోయాయి. ఇరవై ఏళ్ళలో యువరాజు అతన్ని ముట్టుకున్నది లేదు. 'ఒరే నకలూ' అని పిలిచేవాడు, అదీ ఉల్లాసంగా ఉన్న రోజున. 'మిత్రమా' అన్న ఆ ఒక్క మాట కోసం మాచన ఎన్నిసార్లు అంబు ముందు నిలబడ్డాడో, ఎన్ని గిన్నెల పాయసం గుండె చిక్కబట్టుకుని తిన్నాడో అతనికే తెలుసు.

"నా కోసం వచ్చింది నువ్వొక్కడివేనా? నాకు తెలుసు. నువ్వు తప్ప ఎవరొస్తారు!" అన్నాడు యువరాజు. "మాంత్రికుడు వేటకు పోయాడు. సంకెళ్ళు తెంచుకుని పారిపోయి వస్తున్నాను. మిత్రమా, రక్తం గడ్డకట్టిపోతోంది. అమ్మ అగ్నిమణి ఇచ్చే పంపి ఉంటుందే? ఏదీ, ఒక్కసారి నా చేతిలో పెట్టు."

"ఇదిగో ప్రభూ," అని మాచన పట్టీ మీద చెయ్యి వేశాడు.

యువరాజు ఆత్రంగా ఒక అడుగు ముందుకు వేశాడు. గణ.

మాచన చెయ్యి ఆగింది.

యువరాజు వీపు మీద ఉన్నది యువరాజు సంచే. ముమ్మడమ్మ కుట్టు, ముమ్మడమ్మ తోలు, రెండు జానల ఆరు వేళ్ళు. కానీ నడుము పట్టీ తుంటి మీద లేదు. తొడల మీదికి జారి ఉంది. యువరాజు అసహనంగా భుజం ఎగరేసి సంచి ఎగదోసుకున్నాడు. అది మళ్ళీ జారింది. గణ. ఇందాకటిదాకా మాచన చేసిన పనే అది. అతనిది పొట్టి సంచి, పొడుగు వీపు. ఇక్కడ సంచి పొడుగు, దాన్ని మోస్తున్న వీపు పొట్టి.

'నేను కుట్టిన ఏ సంచి గంటా దాని సొంతదారు వీపు మీద మోగదు.'

కళ్ళకు కనిపిస్తున్న దేహం వసుకేతుది. మొహం, మచ్చ, గొంతు అన్నీ దిద్దినట్టున్నాయి. మోసగించడం మాచనకు వచ్చిన విద్యే. ఇంత బాగా చేసినవాణ్ణి అతను చూడలేదు. కానీ సంచి కనిపించే వీపు మీద కూర్చోదు. ఉన్న వీపు మీద కూర్చుంటుంది. ఆ యువరాజు మొహం వెనకాల ఎవరో పొట్టివాడు, ముసలివాడు, మంచులా చల్లనివాడు ఉన్నాడు.

మాచనకు కోపం రాలేదు. గుండెలో ఏదో దీపం మలిగినట్టయింది. తనను కౌగిలించుకున్నది శీతకంఠుడు. మిత్రమా అన్నది శీతకంఠుడు. లోకంలో తనతో అంత ఆప్యాయంగా మాట్లాడినవాడు ఒక్కడే, వాడూ ఆ మాట దొంగతనానికి వాడుకుంటున్నవాడే. ఒక్క క్షణం, గంట వినపడలేదనుకుంటే పోదా అనిపించింది. మణి ఇచ్చేస్తే ఆ కౌగిలి నిజమయిపోతుందేమోననిపించింది.

"ఏం మిత్రమా, ఆలోచిస్తున్నావు?"

ఇక్కడ వీణ్ణి కొట్టి పడేస్తే? అసలు యువరాజు ఏ గుహలో ఉన్నాడో వీడొక్కడికే తెలుసు. ఈ మైదానంలో వెదుకుతూ తిరిగితే రేపటి పున్నమి గడిచిపోతుంది. మాచన తల వంచాడు. గొంతు తగ్గించాడు, అలవాటైన ఆ రెండో గొంతు, చెప్పినట్టు వినే గొంతు.

"మణి సంచి అడుగున ఉంది ప్రభూ. కంబళి కింద. ఈ గాలిలో మూతి విప్పితే సామానంతా లోయపాలవుతుంది. నా వేళ్ళు కూడా కొంకర్లు పోయాయి. గాలి తగలని చోటు ఏదైనా దగ్గర్లో ఉందా? కూర్చుని, మంట వేసుకుని, నా చేతులతో మీ చేతిలో పెడతాను."

అబద్ధమంతా ఒక్క ఊపిరిలో వచ్చింది. వెన్నుకు ఆనుకుని మణి వెచ్చగా ఉంది.

యువరాజు మొహం ఒక్క రెప్పపాటు ఖాళీ అయింది. బొమ్మ మొహంలా. వెంటనే నవ్వు తిరిగొచ్చింది. "నన్ను బంధించిన గుహ పక్కనే ఉంది. వాడు ఇప్పట్లో రాడు. కానీ నాకు ఆ చోటు తలచుకుంటేనే వణుకు..."

"నేనున్నాను కదా ప్రభూ."

"నువ్వున్నావు," అని యువరాజు అతని భుజం తట్టాడు. "నీలాంటి స్నేహితుడు ఉండగా భయమెందుకు?"

మాచన తాడు తీశాడు. ఒక కొస తన నడుముకు కట్టుకుని, రెండో కొస చాచాడు.

"ఇదెందుకు?"

"మంచు మీద ఇద్దరు నడిస్తే మధ్యన తాడుండాలట. కింద ఒక అవ్వ చెప్పింది. ఒకరు పడితే రెండోవారు ఆపుతారు." ఒకడు దూకితే రెండోవాణ్ణీ తీసుకుపోవచ్చని అవ్వ చెప్పలేదు. అది అతనికే తోచింది.

యువరాజు నవ్వి కట్టించుకున్నాడు. ముడి వేస్తుంటే మాచన వేళ్ళకు ఆ నడుము తెలిసింది. కళ్ళకు కనిపించే చోటికి ఒక జానెడు కిందుగా, ఎముకలు తేలి, చల్లగా ఉంది.

ఇద్దరూ బయలుదేరారు. పొగమంచు మళ్ళీ కమ్మింది. కాసేపటికి ముందు నడిచేవాడు మాయమై, తాడు ఒక్కటే తెల్లటి శూన్యంలోకి సాగి కనిపించింది. ఎదర ఎక్కడో గుహ నోటినుంచి, నీలంగా, చల్లటి ఊపిరి తగులుతోంది. కొండ కింద ముమ్మడమ్మ దూలానికి రెండు జానల ఎనిమిది వేళ్ళ తాడు ఒకటి మాచన పేరుతో వేలాడుతూ ఉంటుంది. దాన్ని విప్పాల్సినవాడు ఒక్కడే.

మాచన తల వంచే నడిచాడు, ముందున్నవాడు వెనక్కి తిరిగి చూస్తే విధేయుడిగా కనిపించాలి. వీపు మాత్రం వంచలేదు.

ముందు గంట మోగుతూనే ఉంది. వెనక గంట మోగలేదు.